రాళ్లకుప్పకి రెండు పేర్లు

మా నాన్న రాతి పలకల మీద ఇళ్ల పేర్లు చెక్కుతాడు. గేటు పక్కనో గుమ్మం పైనో బిగించే పలకలు. ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లి పేరు చెబితే చెక్కి ఇస్తారు. మా దగ్గరికొచ్చి పేరు చెబితే కూర్చోమంటాం.

మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది పరిశుద్ధ లేఖనాల్లోని ఊళ్ల పేర్లు. పలకడానికి బాగుంటాయి, పాతవి, పక్కింటివాళ్లకి ఉండవు. అంతవరకే వాళ్లకి తెలిసేది. మా నాన్న వాళ్లని బల్ల మీద కూర్చోబెట్టి ఆ పేరు ఎవరు పెట్టారు, ఏం జరిగితే పెట్టారు, దాని అర్థమేమిటి, మొదటినుంచి చివరిదాకా చెబుతాడు. చెప్పి ఊరుకోడు. విన్నవాళ్లు ఆ కథ తిరిగి ఆయనకి అప్పజెప్పాలి. సరిగ్గా అప్పజెబితేనే రాయి మీద ఉలి పడుతుంది. పెద్ద పెద్ద ఉద్యోగాలవాళ్లు కూడా మా పెరట్లో బల్ల మీద కూర్చుని తడబడుతూ అప్పజెప్పడం నేను చూశాను. కొందరు మర్నాడు చదువుకుని వచ్చేవారు.

ఒకసారి ఒక భోజన హోటలాయన వచ్చాడు. కిబ్రోతుహత్తావా అని చెక్కమన్నాడు. పేరు పొడుగ్గా, దర్జాగా ఉంది, బోర్డు నిండుతుంది అన్నాడు. మా నాన్న ఉలి కింద పెట్టి, "మాంసం కోసం ఆశపడి తిని, తింటూనే చచ్చినవాళ్ల సమాధులండీ అది" అన్నాడు. హోటలాయన కాసేపు ఆలోచించి, మా దగ్గర చేపలే ఎక్కువ అన్నాడు. ఆయనకి చివరికి బేత్లెహేము ఇచ్చి పంపించాం. రొట్టెల ఇల్లు అని అర్థం. ఆ హోటలు బాగానే నడుస్తోంది.

పేర్ల గురించి మా నాన్నకొక సిద్ధాంతం ఉంది. పాతకాలంలో ఊళ్లకి పేర్లు ఎవరూ సరదాకి పెట్టలేదట, ఒళ్లు మండి పెట్టారట. ఎడారిలో నీళ్ల కోసం తగువు పడ్డ చోటు మెరీబా, అంటే తగువు. ఒకాయన బావి తవ్వుకుంటే పక్కవాళ్లొచ్చి ఈ నీళ్లు మావన్నారు, ఆ బావి ఏశెకు, అంటే జగడం. ఆయన ఇంకో చోట తవ్వుకుంటే అక్కడికీ వచ్చారు, అది శిత్నా, అంటే విరోధం. మూడోసారి దూరంగా పోయి తవ్వుకున్నాడు. ఈసారి ఎవరూ రాలేదు. ఆ బావికి రహెబోతు అని పెట్టాడు, అంటే చోటు దొరికింది అని. "ఏదో ఒకటి జరిగితేనే పేరు. ఏమీ జరగని చోటుకి పేరెవడు పెడతాడు?" అనేవాడు మా నాన్న.

చిన్నప్పుడు నాకు బేతేలు కథ చెప్పాడు. దారిన పోయే ఒకాయన రాయి తలకింద పెట్టుకుని పడుకుని, కలగని, లేచి ఆ చోటుకి దేవుని ఇల్లు అని పేరు పెట్టి తన దారిన తను వెళ్లాడు. ఆ ఊరికి అంతకుముందే లూజు అనే పేరుంది. "మరి ఆ ఊళ్లోవాళ్లు ఒప్పుకున్నారా నాన్నా?" అని అడిగాను. మా నాన్న చాలాసేపు ఆలోచించి, "రాసి లేదమ్మా" అన్నాడు.

ఊరంతటికీ పేర్లు చెక్కే మా ఇంటికి పేరు లేదు. గేటు పక్కన గోడలో పలక పట్టేంత గుంట మాత్రం ఉంది. నాన్న పెడదామన్నప్పుడల్లా అమ్మ ఒప్పుకోలేదు. ఏమీ జరగని చోటుకి పేరుండదని మీరే అంటారుగా, అలాగే ఉండనివ్వండి అందట. అమ్మ పోయింది, ఆ గుంట అలాగే ఉంది. మేం గేటు తాళంచెవి అందులో పెడతాం.

ఇక మా ఆయన. పని నేర్చుకోవడానికి మా పెరట్లోకి వచ్చి అల్లుడయ్యాడు. లేఖనాల్లో కూడా ఇలాగే ఒక అల్లుడున్నాడు. పిల్లనిస్తానంటే మామ దగ్గర ఏళ్ల తరబడి చాకిరీ చేశాడు. తీరా పెళ్లినాడు ఆ మామ ముసుగేసి చిన్నకూతురికి బదులు పెద్దకూతుర్ని కూర్చోబెట్టాడు. మా పెళ్లికి వచ్చినవాళ్లందరూ మా ఆయనతో, ముసుగు తీసి చూసుకో నాయనా అని ఒకటే వేళాకోళం. మా నాన్నకి నేనొక్కదాన్నే, మార్చడానికి ఇంకొకరు లేరు. కాబట్టి మా ఆయనకి నేనే దక్కాను.

మా ముగ్గురికీ మూడు పనులు. రాయి మీద సుద్దతో అక్షరాలు గీసేది నేను. ఉలితో చెక్కేది మా నాన్న. మిషన్‌తో కోసేది మా ఆయన. మిషన్ కోసిన అక్షరంలో వాననీళ్లు నిలుస్తాయని నాన్న అంటాడు. ఉలితో చెక్కిన పలక గోడకెక్కేసరికి ఇల్లు పాతబడుతుందని మా ఆయన అంటాడు. ఇద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కానీ ఎవరు చెక్కినా, ఎవరు కోసినా నేను గీసిన గీత మీదే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదు.

గొడవ మారా అనే పేరుతో మొదలైంది.

ఆ రోజు మా నాన్న పన్ను పీకించుకోవడానికి వెళ్లాడు. బస్సు డ్రైవరొకాయన, బట్టలు కుట్టే ఆయన భార్య వచ్చారు. డిపో వెనక వీధిలో ఇల్లు కట్టుకున్నారు, వారంలో దిగుతున్నారు. మారా అని చెక్కమన్నారు. ఎక్కడో విన్నారట, చెవికి ఇంపుగా ఉందట. నేను అక్షరాలు గీశాను. మా ఆయన కథ చెప్పలేదు. ఆయనకి తెలియక కాదు, ఆ కథ పెళ్లికి ముందే నాన్నకి అప్పజెప్పాడు. వాళ్లిద్దరూ ఆ అక్షరాల వంక చూసుకుని అంత మురిసిపోతుంటే ఆయనకి చెప్పబుద్ధి కాలేదు. నాకూ కాలేదు. సాయంత్రానికి కోసి, రంగు నింపి ఇచ్చేశాడు.

నాన్న బుగ్గ వాచి, నోట్లో దూదితో ఇంటికొచ్చాడు. రెండు రోజులు నోరు తెరవలేదు కాబట్టి ఏమీ అడగలేదు. డ్రైవరు మాత్రం సంతోషం కొద్దీ మమ్మల్ని ముగ్గుర్నీ ఇంట్లోకి దిగే రోజుకి పిలిచాడు. వెళ్లాం. వీధి వీధంతా వచ్చింది. పలక మీద కప్పిన గుడ్డ లాగారు, అందరూ చప్పట్లు కొట్టారు. మా నాన్న పలక వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు.

"దీని కథ వీళ్లకి చెప్పావా?" అన్నాడు.

జవాబు కోసం ఆగలేదు. నాన్న ఆ జనం మధ్యలోకి వెళ్లి, డ్రైవరు మొహంలో మొహం పెట్టి చెప్పాడు. "ఎడారిలో మూడు రోజులు నడిచి నడిచి, దాహంతో చచ్చిపోతూ ఒక చోట నీళ్లు కనిపిస్తే పరిగెత్తుకెళ్లి తాగబోయారు. తాగలేకపోయారు. ఆ చోటు పేరు మారా. అంటే చేదు. మీ గోడ మీద చేదు అని రాసుంది."

తర్వాత మాకెవరూ భోజనం వడ్డించలేదు. మర్నాడు డ్రైవరు ఆ పలక ఊడదీసి తెచ్చి మా గేటు లోపల దింపి వెళ్లిపోయాడు. మా ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి పెరటి మధ్యలోకి విసిరాడు. బోర్లా పడింది. జనంలో నా పరువు తీశాడు అన్నాడు. నా పెరట్లోంచి కథ లేని రాయి బయటికి పోయింది అన్నాడు నాన్న. ఆ తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశారు.

ఆ పలక అక్కడే ఉండిపోయింది. తీస్తే ఎవరు తీయాలన్నది తేలదు కదా. పనిలో విరిగిన ముక్కలు పెరటి చివర గోతిలో వెయ్యడం మా అలవాటు. ఒకరోజు నాన్న గోతిదాకా వెళ్లకుండా ఒక ముక్క ఆ పలక మీద వేశాడు. అది చూసి మా ఆయన ఇంకో పెద్దది వేశాడు. అలా వేస్తూ వేస్తూ పెరటి మధ్యలో నా నడుమెత్తున కుప్ప లేచింది. కుప్పకి ఇటువైపు నాన్న ఉలి, బల్ల. అటువైపు మా ఆయన మిషన్. నేను సుద్దముక్క పట్టుకుని అటూ ఇటూ.

ఒకరోజు మా ఆయన, నాన్నకి వినబడేలా, నాతో అన్నాడు. "నేను ఈ కుప్ప దాటి అటు రాను, ఆయన్ని ఇటు రావద్దని చెప్పు. ఇది గలేదు."

ఆ మాట ఎక్కడిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ముసుగు పెళ్లి చేసిన ఆ మామే, చివరికి తన కూతుళ్లిద్దర్నీ, పిల్లల్నీ తీసుకుని చెప్పకుండా వెళ్లిపోతున్న అల్లుణ్ణి వెంటపడి పట్టుకున్నాడు. కొట్టుకోబోయి ఆగి, రాళ్లు కుప్పపోసి, నువ్విటు రావద్దు నేనటు రానని ఒట్టేసుకున్నారు. అల్లుడు ఆ కుప్పని తన భాషలో గలేదు అన్నాడు. మామ తన భాషలో యగర్‌శాహదూతా అన్నాడు. రెండిటికీ అర్థం ఒకటే, సాక్షిగా నిలిచిన కుప్ప అని. అర్థం ఒకటే అయినా ఒకరి మాట ఇంకొకరు అనలేదు.

నాన్న ఉలి ఆపాడు. "అంటే కూతురి పెళ్లిలో మోసం చేసిన ఆ మామని నేనన్నమాట" అన్నాడు నాతో. కాసేపటికి, "అల్లుడుగారికి చెప్పు, దీని పేరు యగర్‌శాహదూతా" అన్నాడు. మామూలుగా మా నాన్న మా ఆయన్ని ఒరేయ్ అంటాడు. గారు అన్నాడంటే పరిస్థితి బాగా లేనట్టు.

అప్పట్నుంచి మా పెరట్లో ఒకే కుప్పకి రెండు పేర్లు. గలేదు పక్కనున్న నీళ్ల బకెట్టు తెమ్మని ఒకరు, యగర్‌శాహదూతా అవతలున్న కొలబద్ద ఇమ్మని ఒకరు. నాన్నతో మాట్లాడేటప్పుడు నేను ఆ పొడుగు పేరు అనాలి, మా ఆయనతో పొట్టి పేరు. తడబడి ఒకరి దగ్గర ఇంకొకరి పేరు అన్నానో, ఆ పూటంతా మూతిముడుపే. విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం. భోజనాల దగ్గర కూడా అంతే. నా ద్వారా కూర అడిగేవాళ్లు, నా ద్వారా వద్దనేవాళ్లు. నాకు నిజంగా విసుగొచ్చింది. ఇద్దరి మీదా కోపం వచ్చేది, ఆ కోపం చూపించడానికి నాకు కుప్పకి ఏ పక్కా లేదు.

వానలు మొదలవకముందే మా ఆయన ఒక కబురు చెప్పాడు. ఊరికి అవతల, పెద్ద రోడ్డు పక్కన ఒక షెడ్డు మాట్లాడి వచ్చాడట. వానలు తగ్గగానే మిషన్ అక్కడికి తీసుకుపోతాడట, పైన ఉండటానికి గది కూడా ఉందట. వెలుతురు బాగుంటుంది, నీకు అక్షరాలు గీయడానికి కిటికీ పక్కన బల్ల వేయిస్తాను అన్నాడు. వస్తావా అని అడగలేదు. నీకు బల్ల అన్నాడు. నాన్నకి ఈ సంగతి నువ్వే చెప్పు అన్నాడు, అన్నీ నేనే చెబుతున్నాను కదా మరి.

చెప్పాను. నాన్న ఉలికి పదును పెడుతున్నాడు, పెడుతూనే ఉన్నాడు.

"నాన్నా, ఆ మామా అల్లుళ్ల కుప్ప దగ్గర ఆ కూతుళ్లు లేరా?" అని అడిగాను.

"ఉన్నారు."

"వాళ్లేమని పేరు పెట్టారు?"

"రాసి లేదు."

"మర్నాడేం జరిగింది?"

"పొద్దున్నే లేచి మామ కూతుళ్లని ముద్దుపెట్టుకుని తన ఊరికి వెళ్లిపోయాడు" అన్నాడు. ఉలి అంచుని వేలితో చూసుకున్నాడు. "ఆ తర్వాత ఆయన ఇంక ఆ కథలో కనిపించడు."

నేను లోపలికొచ్చి పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. నేను లేకపోతే నాన్నకి అన్నం ఎవరు పెడతారని కాదు, నాకంటే ఆయనే బాగా వండుతాడు. ఆయన ఉలికి గీత ఎవరు గీస్తారని. అంతకంటే, నేను పుట్టి పెరిగిన పెరట్లో ఇద్దరు పెద్దమనుషులు కథలు కంఠస్థం చేసి మరీ, ఆ కూతుళ్లలాగే నన్నూ రాయనివాళ్ల వరుసలో నిలబెట్టారని. నాకు ఇద్దరూ కావాలి. ఇద్దరూ ఒక్క పెరట్లో కావాలి. ఈ ముక్క అడిగితే చెబుదామని ఎదురుచూశాను. ఒక్కరూ అడగలేదు.

వానలు వచ్చాయి. కుప్ప తడిసి నాచు పట్టింది. వానలు తగ్గే రోజుల్లో మా ఆయన మిషన్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసి ఆ డబ్బా నాకిచ్చి, పోకుండా చూడమన్నాడు. సరిగ్గా ఆ పొద్దున బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది.

చేతిలో గుడ్డసంచి ఉంది. పలకరింపులేవీ లేవు. నేరుగా నాన్న బల్ల మీద కూర్చుని, మా పలక మాకిచ్చేయండి అంది. నాన్నకి అర్థం కాలేదు. ఆవిడ విడమరిచి చెప్పింది. పలక ఊడదీశారే గానీ పేరు ఊడలేదట. నాన్న ఆ రోజు వీధంతా వినేట్టు చెప్పాడు కదా, ఆ రోజునుంచీ వాళ్లింటిని అందరూ చేదువాళ్ల ఇల్లు అంటున్నారట. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లు చేదావిడ ఉందా అని పిలుస్తున్నారట. ఉత్తరాలు ఇచ్చే ఆయన కూడా అంతే. పక్కింటివాళ్లు ఆమె చేతి టీ కూడా ముందు కాస్త రుచి చూసి తాగుతున్నారట.

"అది విని విని ఒళ్లు మండి, అసలు ఆ కథేంటో చూద్దామని తీసి చదివాను" అందావిడ. "మీరు చేదు దగ్గర ఆపేశారు. తర్వాత వాళ్ల పెద్దాయనకి దేవుడు ఒక చెట్టు చూపించాడు. దాన్ని ఆ నీళ్లలో వేస్తే నీళ్లు తియ్యగా అయ్యాయి. అందరూ తాగారు. ఇదంతా అక్కడే రాసుంది. మీరెందుకు చెప్పలేదు?"

సగం కథ అప్పజెప్పినవాళ్లని మళ్లీ చదువుకు రమ్మని ఇంటికి పంపే మనిషి మా నాన్న. పన్ను నొప్పిగా ఉండిందమ్మా, ఎక్కువ మాట్లాడలేకపోయాను అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది.

"పన్ను కాదులే. కోపం" అన్నాడు నాన్న.

అయితే పలక ఇవ్వండి, వచ్చి మిగతా సగం కూడా మా వీధిలో చెప్పండి, అంతే గట్టిగా చెప్పండి అందావిడ. పలక ఎక్కడుందని అడిగింది. నేను కుప్ప చూపించాను. అడుగునా అంది. అవును అడుగునే అన్నాను. పర్లేదు తీయండి అని, గుడ్డసంచిలోంచి ఒక లంగా తీసి అంచు కుట్టుకోవడం మొదలుపెట్టింది. రాయి వచ్చేదాకా ఆవిడ కదలదని మాకందరికీ అర్థమైంది.

మా ఆయన అటువైపు రెంచి పట్టుకుని నిలబడి అంతా వింటున్నాడు. నాన్న లేచి కుప్పమీదినుంచి ఒక ముక్క తీసి తన వెనక్కి వేశాడు. ఒక్కడే తీస్తున్నాడు. నాలుగో ఐదో తీశాక ఒక పెద్ద రాయి ఆయనకి లొంగలేదు. మా ఆయన రెంచి కింద పెట్టి వచ్చి అటునుంచి దాన్ని నెట్టాడు. ఆ తర్వాత ఆయన అటునుంచి, ఈయన ఇటునుంచి. నేనేసినవి నేనే తీస్తానన్నట్టు ఎవరి ముక్కలు వాళ్లు ఏరుకుని తీశారు. కాసేపటికి ఏది ఎవరిదో తెలియక దొరికిందల్లా తీశారు. అడుక్కి వచ్చేసరికి ఇద్దరూ వంగి, తలకి తల తగిలేంత దగ్గరగా ఉన్నారు.

పలక మట్టిలో దిగబడిపోయింది. ఇద్దరూ చెరో అంచు పట్టి ఎత్తి తిరగేశారు. ఒక మూల పెచ్చు లేచిపోయింది, రంగు పోయింది, అక్షరాలు మాత్రం నిలిచాయి. నాన్న చూపుడువేలు మొదటి అక్షరం గాడిలో పెట్టి చివరిదాకా నడిపాడు. వాననీళ్లు నిలిచిన జాడ ఉందా అని వెతుకుతున్నాడని నాకు తెలుసు. పలక బోర్లా పడుంది, నీళ్లెలా నిలుస్తాయి? "లోతుగానే దిగింది" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. మా ఆయన వెళ్లి నీళ్ల బకెట్టు తెచ్చాడు.

పెచ్చు పోయిన మూలని మా ఆయన అరగదీశాడు, నాన్న ఉలితో అంచు సరిచేశాడు, నేను రంగు నింపాను. మధ్యాహ్నం ఎండకి ఆరాక డిపో వెనక వీధికి బయల్దేరాం. బట్టలు కుట్టే ఆవిడ ముందు నడిచింది.

వీధిలో ఆవిడే తలుపు తలుపూ కొట్టి జనాన్ని పోగేసింది. మా ఆయన గోడకి సున్నం, సిమెంటు పులుముతుంటే నాన్న నిలబడి చెప్పాడు. మొదటినుంచి చెప్పాడు, దాహం, చేదు, చెట్టు, తీపి. ఎక్కడా తగ్గించలేదు. అయిపోయాక డ్రైవర్ని అప్పజెప్పమన్నాడు. డ్రైవరు చెట్టు సంగతి మర్చిపోయి బావి అన్నాడు. భార్య సరిదిద్దింది. తర్వాత పక్కింటివాళ్లని అప్పజెప్పమన్నాడు. ఉత్తరాలాయన అటుగా వస్తే ఆయన్నీ వదల్లేదు. చివరికి నాన్న గొంతు సవరించుకున్నాడు.

"కథ చెప్పకుండా రాయి ఇవ్వడం మా అల్లుడి తప్పు. సగం చెప్పి ఆపెయ్యడం నా తప్పు. రెండిట్లో నాదే పెద్దది. వాడు మీ సంతోషం చూసి ఊరుకున్నాడు. నేను మీ సంతోషం చూసి కూడా చెప్పాను."

మా ఆయన చేతిలో తాపీ ఆగిపోయింది. సిమెంటు గట్టిపడిపోతుందని నేను గుర్తుచేయాల్సి వచ్చింది. పలక బిగించాక ఆ ఇంట్లో మాకు భోజనం పెట్టారు. టీ కూడా ఇచ్చారు. మా నాన్న ఊదుకోకుండా, రుచి చూడకుండా ఒక్క గుక్కలో తాగి నాలుక కాల్చుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. పెరటి మధ్యలో కుప్ప లేదు. అది ఉన్న చోట గడ్డి లేకుండా, తడిగా, పలక అచ్చుతో నల్లటి నేల. ఇటునుంచి అటు కనిపిస్తోంది. అంత దూరం చూడటం అలవాటు తప్పి మేం ముగ్గురం కాసేపు అలాగే నిలబడ్డాం.

"మామయ్యా," అన్నాడు మా ఆయన. నెలల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. "ఈ చోటుకిప్పుడు ఏం పేరు?"

మా నాన్న మొహం వెలిగింది. ఆయన దగ్గర పేరు సిద్ధంగా ఉంది. మూడో బావి పేరు, రహెబోతేనని నాకు అప్పుడే తెలిసిపోయింది, ఆయన పెదవులు దానికోసం కదిలాయి కూడా. అంతలో నావైపు చూశాడు, ఆగాడు. ఉలికి పదును పెట్టిన రోజు నేనడిగిన ప్రశ్న ఆయనకి గుర్తొచ్చిందనుకుంటాను.

"దాన్ని అడగరా" అన్నాడు.

ఇద్దరూ నావైపు తిరిగారు. ఇన్ని నెలలూ ఈ ఒక్క ప్రశ్న కోసం నేను గిన్నెలు తోముతూ, సుద్ద గీస్తూ ఎన్ని జవాబులు తయారుచేసుకున్నానో. పెద్ద పెద్దవి, ఘాటైనవి. ఒక్కటీ నోటికి రాలేదు.

"పేరొద్దు" అన్నాను. "ఇక్కడ ఇంకేమీ జరగకూడదు."

నాన్న నేల చూశాడు. అది అమ్మ మాటని ఆయనకి నేను చెప్పక్కర్లేదు. మా ఆయన తల ఊపాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు.

"నేను ఆ షెడ్డుకి రాను" అన్నాను. "నువ్వూ వెళ్లొద్దు. నీతో వస్తే నాకు ఏడుపొస్తుంది, నువ్వు లేకుండా ఇక్కడుంటే కూడా వస్తుంది. మీ ఇద్దరూ నాకు కావాలి."

"అది నేను అడగలేదుగా" అన్నాడు మా ఆయన నెమ్మదిగా.

"అడుగుతావేమోనని వానాకాలమంతా ఆగాను. అడగలేదు కాబట్టే చెబుతున్నాను."

ఆయన మిషన్ వైపు తిరిగి, డబ్బా ఎక్కడ పెట్టావు అన్నాడు. ఏ డబ్బా అన్నాను. బోల్టుల డబ్బా అన్నాడు. తెచ్చిచ్చాను. మిషన్ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ బిగించాడు, నాన్న దీపం పట్టుకున్నాడు. రెండు బోల్టులు తక్కువ వచ్చాయి. నువ్వు పారేశావంటే నువ్వు పారేశావని వాళ్లిద్దరూ నేరుగా ఒకరితో ఒకరు పోట్లాడుకున్నారు. నా ద్వారా ఒక్క మాట కూడా పోలేదు. నేను లోపలికెళ్లి వంట చూసుకున్నాను.

షెడ్డు వద్దని మర్నాడు వెళ్లి చెప్పి వచ్చాడు. ఆ ఖాళీ చోటులో ఇప్పుడు నా బల్ల ఉంది, కిటికీ లేదు గానీ వెలుతురు బాగుంటుంది. దానికి ఇప్పటికీ పేరు లేదు. మేం ముగ్గురం అక్కడ అంటాం. సుద్ద అక్కడుంది, టీ అక్కడ పెట్టాను, అలాగ. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడంటే ఎక్కడ అని అడిగితే వేలితో చూపిస్తాం.